కమలినీదేవి పేరు మీద త్రిపురమ్మ పాడిన పాట

త్రిపురమ్మని, నా ఆడబిడ్డ. మా ఆయనకి చెల్లెలు. దాని సంగతి చెప్పమని కూచున్నారు గానీ, చెప్పేకొద్దీ నాకు ఒళ్ళు మండిద్ది, ముందే చెప్తన్నా. ఏమైందంటే, పెళ్ళయిన ఏడాదికే దాని మొగుణ్ణి పాము కరిచింది, ఇది మళ్ళా పుట్టింటికొచ్చింది. వచ్చిన కాణ్ణించి పాటే. నాటుకి పోతే నాటు పాట, ఎవురన్నా పోతే శవం కాడ ఏడుపు పాట, శనివారం భజన కాడ అదే, ఆదివారం చర్చి కాడ అదే, పీర్ల పండక్కి పీర్ల ముందరా అదే. పిలవడం ఆలస్యం, చేతిలో పని చేతిలోనే పారేసి పోయేది. పొయ్యి మీద కూర మాడిపోతంటే, "వదినా, ఆళ్ళు అంతగా పిలిచారు" అంటది. పిలవరా మరి, ఉత్తపుణ్యానికి పాడిద్ది గదా! గొంతన్నా ఒకటా దానికి? ముసలమ్మ గొంతు కావాలంటే ముసలమ్మే, పదారేళ్ళ పిల్ల కావాలంటే పిల్లే. మగాళ్ళ నాటకం పద్యం ఎత్తుకుందనుకో, లోపల పడుకున్న మా మామ లేచొచ్చి, "ఎవురొచ్చార్రా మనింటికి?" అని వాకిట్లో వెతికేవాడు. నవ్వుతావేందే, నిజంగా వెతికేవాడు.

సరే. మార్కాపురంలో కరీముల్లా సాయిబని, ఆర్కెస్ట్రా నడిపేవాడు. పెళ్ళిళ్ళకి, తిరనాళ్ళకి వాయించేవాళ్ళు. మంచి మనిషే, కాకపోతే కాస్త గొప్పలెక్కువ. మా ఊరి పెళ్ళిలో దీని పాట ఇని మా ఆయన కాడికొచ్చాడు. "అన్నా, నీ చెల్లెలు ఇంక నా చెల్లెలే, నాతో పంపు, పాడించుకుంటా" అన్నాడు. మా ఆయనేమో, ఆడమనిషి ఒక్కతే ఎట్టా పోద్ది, మీ వదిన తోడొస్తే పంపిస్తా అన్నాడు. నన్నడిగారా? అడగలా. అట్టా అది నా మెడకి చుట్టుకుంది. ఊరూరూ తిరిగాం. ఒకసారి కంభం కాడ మగ గొంతు పాడే అతను రాలా. జనం కూచోనున్నారు, కరీముల్లా తలపట్టుకున్నాడు. ఇదేం చేసిందనుకున్నారు? ఎడమ పక్కకి తిరిగి మగ పాట, కుడి పక్కకి తిరిగి ఆడ పాట, మొత్తం యుగళగీతం ఒక్కతే పాడింది. జనం ఈలలు, చప్పట్లు! తర్వాత నుంచి ఆ మగ గొంతతను రాకపోయినా కరీముల్లాకి దిగుల్లేదు. ఇద్దరి పని చేస్తన్నావు గదే, ఇద్దరి డబ్బులు అడగొద్దా ఆయన్ని అంటే, "పోనీలే వదినా, నాకూ సరదాగా ఉంది" అంటది. సరదా అంట!

అట్టా ఉండగా, ఒంగోలు పెళ్ళిలో మోహనరంగం గారని మద్రాసులో సినిమాలకి పాటలు కట్టే ఆయన దీన్ని ఇన్నాడు. "అమ్మా, మద్రాసు వస్తావా, పాట పాడిస్తా" అన్నాడు. నాకు కాళ్ళు నేల మీద ఆగలా. మా ఊరంతా చెప్పుకున్నా, మా త్రిపురం సినిమాలో పాడిద్దంట అని. తీరా రైలెక్కి పోయినాక తెలిసింది, అది ట్రాకు పాటంట. ట్రాకంటే ఏందో మాకేం తెలుసు? ఏందంటే, పెద్ద గాయని ఉంటదిగా, ఆమెకి తీరిక ఉండదు. ముందు ఇట్టాంటి వాళ్ళెవురో వాయిద్యాలతో కలిపి పాడి పెట్టాలి. పెద్దామె తీరిగ్గా వచ్చి, ఇని, నేర్చుకుని, దాని మీద తను పాడుకుంటది. ఆ తర్వాత ముందరి గొంతు తుడిచేస్తారంట. పలక మీద అక్షరం తుడిచినట్టు. నాకు అప్పుడే మంటెక్కింది. "మరి నీదేం మిగిలిద్దే?" అన్నా. "నేర్పిందాన్నవుతా గదా వదినా" అనింది. ఇంకేం మాట్లాడతాం దానితో! ఏళ్ళ తరబడి అట్టాగే. మోహనరంగం కబురు పెడితే మద్రాసు, కరీముల్లా పిలిస్తే తిరనాళ. ఆ పెద్ద గాయని పేరు కమలినీదేవి. ఆమె తర్వాత ఎట్టా పాడాలో ఇది ముందే అట్టా పాడి పెట్టేది, ఆమె పాడాక దీని గొంతు పోయేది. సినిమాకి పోయి కూచుంటే, ఇది నా చెవిలో, "ఇక్కడ నేను ఇంకొంచెం సాగదీశా వదినా, ఆమె కురచ చేసింది" అనేది. దాన్ని తన్నాలా, నన్ను నేను తన్నుకోవాలా?

ఇంక అసలు సంగతికొస్తన్నా. ఒక పాట వచ్చింది. "ఏటిగట్టు ఎక్కి రారా, ఎండ తగ్గినాదిరా" అని. ఏరు ఇవతల ఉన్న ఆడమనిషి అవతల పొలంలో ఉన్నోణ్ణి కేకేసి పిలిచే పాట. అది పాడింది, రైలెక్కాం, వచ్చాం. ఇంక అది కూడా తుడిచేసి ఉంటారనుకున్నాం. కొన్నాళ్ళకి మార్కాపురం హాల్లో ఆ సినిమా ఆడతంటే కరీముల్లా తీసకపోయాడు. పాటొచ్చింది. "రారా" అన్న కాడ దీనికి ఒక అలవాటు, గొంతు ఎత్తి, ఒక్క రవ్వ ఆపి, మళ్ళా వదిలిద్ది, కేక ఏటి మీద పోయినట్టు. ఆ ఆపడం ఉంది చూడు, అది ఇనపడింది. నేను లేచి నిలబడ్డా. "త్రిపురం! ఇది నీ గొంతే!" వెనకోళ్ళు కూచోమని అరుస్తన్నారు. ఇదేమో చీరకొంగు నోట్లో పెట్టుకుని కదలకుండా చూస్తంది. కళ్ళల్లో నీళ్ళు. కరీముల్లా కూడా, "అల్లా మీదొట్టు, నీదేనమ్మా" అన్నాడు. బయటికొచ్చి కొట్లో రికార్డు చూస్తే దాని మీద ఏముందీ? గానం, కమలినీదేవి.

పద మద్రాసు అన్నా. లాక్కుపోయినా. మోహనరంగం గారు కాఫీ ఇప్పించాడు. ఏమైందంటే, ఆ కమలినీదేవికి గొంతులో ఏదో కాయ లేచి ఆపరేషన్ చేశారంట. సినిమా ఆపడానికి లేదు, ప్రొడ్యూసరు దీని గొంతే ఉంచెయ్యమన్నాడంట, రికార్డుల మీద పేరు ముందే అచ్చేసుకున్నారంట. "ఆమె పేరుంటేనే అమ్ముడుపోతాయమ్మా. ఈసారికి సర్దుకో" అన్నాడు. నేను నోరు తెరవబోతన్నా, ఇది లేచి, "అట్టాగేనండి" అని దండం పెట్టేసింది! రైలు గూడూరు దాటేదాకా దానితో నేను మాట్లాడలా. గూడూరు దాటాక తిట్టడం మొదలుపెట్టా, మా ఊరు వచ్చిందాకా తిట్టా. ఇది పల్లీలు ఒలుచుకుని తింటా కూచుంది.

పాట చూస్తే ఊరూరా మోగిపోతంది. హోటళ్ళల్లో అదే, పెళ్ళి పందిళ్ళల్లో అదే. పోలేరమ్మ తిరనాళకి పోయినాం. సాయంత్రం, ఇంకా ఎండ పోలా, స్టేజీ ఎక్కీ ఎక్కకముందే జనం ఆ పాటే కావాలన్నారు. ఇది పాడింది. ప్రాణం పెట్టి పాడింది. సగంలో ఒకడు లేచి, "కమలినీదేవి పాడినట్టు లేదు, దిగు దిగు!" అన్నాడు. ఇంకో నలుగురు అందుకున్నారు. నేను ఊరుకుంటానా? ముందుకి పోయి, "ఒరే ఎదవా, ఆ పాట పాడిందే మా ఆడబిడ్డరా!" అన్నా. వాడేమన్నాడో తెలుసా? "మీ ఆడబిడ్డ సినిమాలో పాడిందా అవ్వా? మా అమ్మ ఢిల్లీలో మంత్రి" అన్నాడు. జనమంతా ఒకటే నవ్వు. అవ్వంట నన్ను, అప్పటికి నాకు తల కూడా నెరవలా! ఇది ఏం చేసిందనుకున్నారు? ఆ పాట ఆపి, వాళ్ళడిగిన ఇంకేదో పాట ఎత్తుకుంది. దిగొచ్చినాక నాకేం చెప్పిందంటే, "ఆ కుర్రోడిది తప్పు కాదొదినా, మైకు బాగలేదు" అనింది.

తర్వాత ఏడాదో ఏమో, కమలినీదేవికి గొంతు బాగై, ఒంగోల్లో సన్మానం పెట్టారు. పెద్ద పందిరి, దండలు, కలెక్టరు. కరీముల్లా ఎవురినో పట్టి మాకు కుర్చీలు ఇప్పించాడు. నేను రానంటే రానన్నా. "ఆమెనొకసారి చూడాలొదినా, ఇన్నాళ్ళు ఆమెకి పాటలు నేర్పా గానీ మొహం చూళ్ళా" అనింది. పోయినాం. ఆమె పాడతంది, మంచి గొంతే, కాదని ఎందుకనాలి. చివరికి జనం, ఏటిగట్టు పాట, ఏటిగట్టు పాట అని గోల. ఆమె ఒకటికి రెండుసార్లు వద్దంది. ఎట్టా వదులుతారు జనం? ఇంక తప్పక ఎత్తుకుంది. "రారా" అన్న కాడ నున్నగా, నూనె రాసినట్టు జారవిడిచి పోయింది. పక్కన ఇది కుర్చీలో ఒకటే కదలడం. రెండోసారి కూడా ఆమె అట్టాగే జారవిడిచింది. అంతే, ఇది లేచి నిలబడింది. తన పేరు పోయినప్పుడు నోరెత్తలా ఈ మనిషి, నలుగురు తిట్టి దింపితే నోరెత్తలా, ఇప్పుడు అంతమంది పెద్దోళ్ళ మధ్య గొంతెత్తి, "అమ్మా, ఆడ అట్టా గాదమ్మా!" అనింది.

పోలీసాయన వచ్చి భుజం పట్టుకున్నాడు. కూచోమ్మా అంటన్నాడు. నేను కొంగు పట్టి లాగుతన్నా. ఇది ఇనిపించుకోలా. "వాడు ఏటి అవతల ఉన్నాడమ్మా. జారిస్తే ఇనపడదు. కేకెయ్యాల" అని, అక్కడే నిలబడి, మైకు లేకుండా, ఆ ఒక్క ముక్కా పాడింది. పందిరి మొత్తం సద్దుమణిగింది. స్టేజీ మీద కమలినీదేవి మొహం చూడాల్సింది మీరు. ఆమె ఎన్నిసార్లు ఇనుంటది ఆ గొంతు! గుర్తుపట్టకుండా ఉంటదా? "ఆమెను వదలండి" అని పోలీసుకి చెప్పి, రమ్మని పైకి పిలిచింది. పక్కన నిలబెట్టుకుని, "మీ పేరేందమ్మా?" అనడిగింది. "త్రిపురమ్మండి." "ఇన్నేళ్ళు ఆ ట్రాకులు పాడింది మీరేనా?" "నేనేనండి." ఆమె మైకు తీసుకుని, "ఏటిగట్టు పాట నేను పాడలేదు. మీరు రికార్డులో వినేది ఈమె గొంతు" అనింది. అయిపోయింది, ఇన్నాళ్ళకి తీరింది అనుకున్నా.

అనుకున్నానా? జనం లేచి నిలబడి చప్పట్లు. ఆగని చప్పట్లు. నా పక్కన ఒక పెద్దమనిషి, కండువాతో కళ్ళు తుడుచుకుంటా, "చూశావా అమ్మా, గొప్పోళ్ళు ఎట్టా ఉంటారో! ఎవురో పల్లెటూరిదాన్ని పైకి పిలిచి, తన పాట కూడా దానిదేనంటంది. ఎంత పెద్ద మనసు!" అన్నాడు. నిజమయ్యా, ఆమె చెప్పింది నిజం, పాడింది మా ఆడబిడ్డే అన్నా. "నిజమేనమ్మా, అసలైన గొప్పతనమంటే అదే" అన్నాడు. ఏం చెయ్యను వాణ్ణి? కమలినీదేవి పాపం రెండోసారి కూడా, "నేను మర్యాదకి అనడం లేదు, ఉన్నమాట చెబుతున్నా" అనింది. ఇంకా గట్టిగా చప్పట్లు! కలెక్టరు కూడా లేచి కొట్టాడు. తన మెడలో దండ తీసి ఆమె దీని మెడలో వేస్తే, ఆ దండకి కూడా ఆమెకే మెచ్చుకోలు. మర్నాడు పేపర్లో ఆమె ఫోటో వేసి, కమలినీదేవి వినయం అని రాశారు. ఫోటోలో ఆ చివర ఒక మోచెయ్యి ఉంది. ఆ మోచెయ్యి మా త్రిపురానిది.

బస్సులో నేను ఏడ్చా. కోపంతో ఏడ్చా. పొదిలి దగ్గరకొచ్చాక ఇది మెల్లిగా అనింది. "నాకు కోపం లేదనుకున్నావా వదినా? ఆ రికార్డు మీద పేరు చూసిన రోజున దాన్ని ఇరగ్గొడదామనుకున్నా. అడిగితే ఇంకో పాటకి పిలవరేమోనని భయం. నీకు మా అన్న ఉన్నాడు, పిల్లలున్నారు. పాట కూడా లేకపోతే నాకేం ఉంది?" ఇన్నేళ్ళు దాని పక్కనే పడుకుని లేచానే, ఆ మాట నేను ఎప్పుడూ ఇనలా. మళ్ళా అదే, "ఇవాళ ఆమె చెప్పింది. ఎవురు నమ్మినా నమ్మకపోయినా, ఆమె నోటితో చెప్పింది, నేను ఇన్నా. ఇంక భయం లేదులే" అనింది.

ఆ తర్వాత మోహనరంగం గారి మనిషి వచ్చాడు, కొత్త ట్రాకు ఉంది రమ్మని. ఇది బియ్యం ఏరుకుంటా, తలెత్తకుండా, "పేరు వేస్తే వస్తానండి" అనింది. ఆయన నాకేసి చూశాడు, నేనేదో నేర్పించి పెట్టానని. నాకు తెలిస్తే గదా! పేరు వెయ్యరంట, ఇంక పిలవలా. ఇదీ పోలా. కరీముల్లాతోటే పాడింది, తన గొంతుతోనే, ఏటిగట్టు పాట కూడా. ఎవురన్నా దిగు అంటే, "దిగను, ఇష్టముంటే ఇను" అనేది. అది చూసి నా కడుపు నిండింది. మరి కరీముల్లా ఏం చేశాడు? సంతోషపడి, మొదటిసారి దాని పేరు పెద్దక్షరాలతో పోస్టరు వేయించాడు. ఏమనీ? "కమలినీదేవి మెచ్చిన త్రిపురమ్మ" అని! పైన ఆమె పేరు, కింద దీని పేరు. నేను పోయి సాయిబుతో పెట్టుకున్నా. "అట్టా వేస్తేనే జనం వస్తారొదినా" అన్నాడు. అతనూ అదే మాట!

ఇప్పుడు ఇద్దరం ముసలోళ్ళమయ్యాం. అదిగో, ఆ వసారాలో కూచోనుంది, పిల్లోళ్ళకి పాట చెప్తా. రేడియోలో ఇప్పటికీ ఏటిగట్టు పాట వేస్తారు, వేసినప్పుడల్లా గానం కమలినీదేవి అంటారు. అన్నప్పుడల్లా ఇది నాకేసి తిరిగి, మొహం అమాయకంగా పెట్టి, "ఎంత బాగా పాడిందొదినా ఆమె!" అంటది. నన్ను ఉడికించడానికే. నాకు తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ ఉడికిపోతా. ఏం చెయ్యమంటారు, చెప్పండి.