హెన్రీ చెయ్యి పడని బాస్కెట్టు

జువ్వలదిన్నె హార్బర్ దగ్గర హజరాబీ టీ బంకులో హెన్రీ నోరు తెరిచాడంటే ఎదుటివాళ్ల టీ చల్లారిపోవాల్సిందే. ఆరడుగులు దాటిన మనిషి, మాటలు అంతకన్నా పొడుగు. ఆ పొద్దు పని పెట్టుకుని మరీ వచ్చాడు. హజరాబీ కూతురు జబీనా, దాని స్నేహితురాళ్లు బాస్కెట్‌బాల్ పోటీలకు నెల్లూరు పోవాలి, కోచ్ లేడు. హజరాబీ ఎవరికి సరే అంటే మిగతా తల్లులూ వాళ్లకే సరే అంటారు. ఆ కోచ్ పని మీదే హెన్రీ కన్ను. వలలల్లే ముసలి ఏసుమణి మాత్రం మూల బల్ల మీద కూర్చుని, తలెత్తకుండా ఏదో అల్లుకుంటున్నాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదక్కా, ఉన్నదే చెప్తుండా," అని మొదలుపెట్టాడు హెన్రీ. "నా కెరీర్ మన చర్చి గ్రౌండులోనే మొదలైంది. ఆడ రింగులు పెట్టిన కొత్తల్లో నేను లేకపోతే ఆట ఆగిపోయేది. ఆగిపోయేదంటే నిజంగా ఆగిపోయేదే! బాస్కెట్టు పడిందంటే దాంట్లో నా చెయ్యి పడాల్సిందే. హెన్రీ యాడ, హెన్రీ యాడ అని రెండు టీములూ ఒకటే అరుపులు. ఆఖరికి ఒకే మ్యాచ్‌లో రెండు టీములకూ నేనే!"

"రెండు టీములకూ ఎట్టా ఆడతావు అంకుల్?" అంది జబీనా.

"అది మీకు అర్థం కాదులే. ఇప్పటి పిల్లోళ్లకు ఆటంటే ఏం తెలుసు? బూట్లు కొనుక్కోడం, ఫోటోలు దిగడం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అల్లూరు నించి ఒకాయన వచ్చి నా ఆట చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇట్టాంటి చెయ్యి ఇక్కడ మగ్గిపోతా ఉందే అని మద్రాసు తీసకపోయినాడు. జీతమిచ్చి ఆడించుకునే టీము అది. నేను పోయిన పూటే వాళ్ల కోచ్ పెట్టె సర్దుకున్నాడు. సర్దుకోక? నాకు నేర్పేదానికి ఆయన దగ్గర ఏముంది మట్టి! మద్రాసులో నాకు ఎదురు నిలిచేవాడు లేడని ఇటలీకి పంపినారు. ఆ ఇటలీవోళ్లు ఉండారే, ఒక్కొక్కడు తాడిచెట్టంత. పొడుగొక్కటీ ఉంటే ఎందుకు పనికొస్తారక్కా, బట్టలారేసుకునేదానికా?"

ఏసుమణి దగ్గాడు. హెన్రీ పట్టించుకోలేదు.

"ఫైనల్ మ్యాచ్. బాల్ పట్టుకుని ఎగిరినా. ఎగిరినానా, కిందికి రాబుద్ధి కాలేదు. పైన గాలి హాయిగా ఉండాది. కింద అందరూ గోల. రిఫరీ రూల్సు పుస్తకం తెప్పించి తిరగేస్తే, మనిషి దిగకపోతే ఏం చెయ్యాల్నో దాంట్లో లేదు! హాఫ్ టైమ్ ఇచ్చేసి, పోయి కాఫీలు తాగి వచ్చినారు. నేను పైన్నే ఉండా."

"ఆకలెయ్యలేదా నాయనా?" అంది హజరాబీ, గ్లాసులు కడుగుతూ.

"ఎందుకెయ్యదు? గ్యాలరీ పైవరసలో ఒకామె చెయ్యి చాపి రొట్టె అందించింది, తిన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బాల్ విసిరినా చూడూ, రింగులో దూరి, నేలలో దూరి, కనపడకుండా పోయింది. రెండోనాడు మన మనుబోలులో ఒక రైతు బోరు వేయిస్తా ఉంటే నీళ్లకన్నా ముందు అదే బాల్ బయటికొచ్చింది! దాని మీద నా సంతకం కూడా చెరగలేదు."

బంకులో అందరూ పగలబడి నవ్వారు. హెన్రీకి పౌరుషం వచ్చింది.

"నవ్వండి! గోచీలు కట్టుకునేవోళ్లకు ఇటలీ సంగతి చెప్పినాను చూడు, నాదీ తప్పు."

"అది సరే, అంత ఆట ఎందుకు మానేసినావు?" అంది హజరాబీ.

"ఓర్వలేనితనం అక్కా! కుళ్లుబోతు ఎవడో నా కెరీర్‌ను నాశనం చేసినాడు."

"ఆ కుళ్లుబోతు నేనే," అన్నాడు ఏసుమణి.

ఏసుమణి అల్లే చెయ్యి ఆపకుండానే చెప్పాడు.

"చర్చి గ్రౌండులో రింగులు పెట్టినప్పుడు నెట్లు నన్ను అల్లమన్నారు. నేను అప్పటిదాకా ఈ ఆట చూసిందిల్యా. మన మరబోటు వలకు చివర సంచి ఉంటుందే, పడిన చేప పారిపోకుండా, అట్టా రెండిటికీ అడుగు మూసి అల్లినా. బాల్ పడితే ఇంక రాదు, ఆట ఆగిపోయేది. అప్పుడు పొడుగ్గా ఉండాడని ఈయన్ని పిలిచినారు. అటు పడితే అటు పరిగెత్తి, ఇటు పడితే ఇటు పరిగెత్తి, ఎగిరి కింద నించి గుద్ది బాల్ బయట పడేసేవాడు. రెండు టీములకూ ఈయనే. ఒకనాడు నెల్లూరు నించి రిఫరీ వచ్చి చూసి, పొట్ట పట్టుకుని నవ్వి, అడుగు తెరిచి ఉండాల పెద్దాయనా అన్నాడు. కత్తి తీసుకుని కోసేసినా. ఇంక ఈయన్ని పిలిచినోడు లేడు. ఇటలీ కాదుగదా, ఆట కోసం ఈయన కావలి కూడా దాటలేదు."

"జబీనా, కోచ్‌ని నెల్లూరులోనే అడుగుదాంలే," అంది హజరాబీ. హెన్రీ ముందున్న చల్లటి టీ గ్లాసు తీసి పారబోసింది.

"తాతా, నువ్వు అల్లేది మా రింగుకేనా?" అంది జబీనా.

"మీకే." ఏసుమణి ఆఖరి ముడి బిగించి, నెట్టును పైకెత్తి, తెరిచిన అడుగులోంచి హెన్రీ మొహంలోకి చూశాడు. "ఏం హెన్రీ, నీకు మళ్లీ పని కావాలంటే ఇప్పుడే చెప్పు. మూసేస్తా."