సభికుల ప్రశ్నలు

శనివారం సాయంత్రం, కాలేజీ సెమినారు హాలు వాకిలి. ఊళ్లో వాళ్లెవరైనా రావచ్చునని గేటుకు బోర్డు కట్టిన బహిరంగ సభే అది. అయినా సభ నడిపే తెలుగు లెక్చరర్ హేమచంద్ర ఒకే ఒక్క మనిషికి అడ్డం నిలబడి ఉన్నాడు. ఆ మనిషి నగరిలో పవర్‌లూమ్ నడిపే వెంకటముని.

“వద్దు మునన్నా. ఈ పొద్దొక్కటీ వద్దు. దండం పెడతాను.”

“మీరు నాకు దండం పెట్టేదేంది సార్, నా ఆయుసు తగ్గుతాది. మూల కూర్చుంటాను. గమ్మునుంటాను.”

“పోయినసారీ గమ్మునుంటాననే చెప్పినావు. బోరుబావుల మీద ఉపన్యాసం. ప్రశ్నలుంటే అడగండయ్యా అని మైకు ఇస్తే, లేచి నీ కూతురి గురించి అడిగినావు. అంతకుముందు జానపద పాటల సభ. ఆడా అదే.”

“ఇంకేం అడగాల సార్ నేను? నాకుండేది అదొక్కటే. మా పవిత్రను ఎవురన్నా సూసినారా? ఈ కాలేజీలోనే సదివింది. ఈ సభలకు అన్ని ఊర్లోళ్లూ వస్తారు. ఎవురో ఒకరు సూసుంటారు.”

“ఈ రోజు రాకెట్ల మీద ఉపన్యాసం. పెద్దాయన సూళ్లూరుపేట నుంచి వచ్చినాడు. నువ్వు మళ్లీ లేస్తే ఈ సభలే ఎత్తేస్తానని ప్రిన్సిపాల్ ముందే చెప్పేసినాడు.”

“రాకెట్టు ఆకాశంలో యాడుండాదో కింద కూర్చునే సెప్తారంట గదా. నా బిడ్డ ఈ నేల మీదే ఉండాది. దాని జాడ సెప్పేవాడు ఒక్కడూ లేడా సార్?”

“మునన్నా...”

“సరే, లోపలికి రాను. నా బదులు మీరే అడగండి. ఫోన్ నెంబరు కూడా సదవండి.”

“నేనా? అది... అది కుదరదు.”

“ఎందుకు కుదరదు? పోనీ, ఇది సెప్పండి. సభ జరిగినాక యూట్యూబులో పెడతారు గదా. మా పక్క షెడ్డు రూపశ్రీ సూసి సెప్పింది, పెదనాయనా, ఈ మధ్య సభల్లో నువ్వు మాట్లాడిందే లేదే అని. కోసేసినారా?”

“నిడివి ఎక్కువైతే అన్నా, వాళ్లు...”

“కోసేసినారా సార్?”

“కోసేసినాను.”

“అయ్యో! నేను అరిసింది హాల్లో కూర్చున్నోళ్ల కోసమా? యాడుండినా నా బిడ్డ ఈ కాలేజీ వీడియోలు సూస్తాదని గదా! మీ కడుపున పుట్టుంటే కోసుంటారా? ఎంత పని సేసినారు సార్, ఎంత పని సేసినారు!”

“మెల్లగా, మెల్లగా. మొదటి సభది కోయలేదు. దాన్ని ఆ బిడ్డ చూసింది.”

“ఎవురు?”

“పవిత్రే. నాకు ఫోన్ చేసింది. అన్నా, అన్నా! పడతావు. ఈ మెట్టు మీద కూర్చో. నీళ్లు తాగు.”

“బతికే ఉండాది.”

“ఉండాది.”

“బతికే ఉండాది! యాడ సార్? ఏ ఊర్లో? ఇప్పుడే పోతాను, నడిసైనా పోతాను.”

“అది చెప్పను. ఒట్టు పెట్టించుకునింది. తనతో చదివిన ఏబెల్‌నే పెళ్లి చేసుకునింది. పిల్లోడు బాగా చూసుకుంటా ఉండాడు. ఇప్పుడు నెలలు నిండినాయి.”

“తొలికాన్పా! వాళ్లమ్మ ఉండుంటే ఈ పాటికి పుట్టింట్లో ఉండేది గదా సార్. నేను కోపం సేసుకోలేదే. ఎవుర్ని సేసుకున్నా సరే, వచ్చేయ్ తల్లీ అని మైకులోనే సెప్పినాను. వినలేదా?”

“వినింది. వినే భయపడింది. నువ్వు మైకులో చదివిన ఫోన్ నెంబరు ఎవరిది?”

“భానూది. మా బామ్మర్ది భానుచందర్‌ది. నాకు ఫోన్ సంగతి తెల్దు గదా. ఎవురు సేసినా నేనే మాట్లాడతాలే బావా అన్నాడు. పాపం, ప్రతి సభకూ నాకు తోడొస్తాడు.”

“ఎందుకొస్తాడు?”

“ఎందుకేంది సార్, మేనమామ. పుట్టిననాడే వాడికని అనుకున్న పిల్ల. వాడికి మాత్రం బాధుండదా?”

“నువ్వు వచ్చేయ్ తల్లీ అని ఏడుస్తా ఉంటే, వీడియోలో నీ వెనకనే వాడు నిలబడుండాడు. పిల్ల చూసింది. నెంబరూ గుర్తుపట్టింది. ఏబెల్ వాళ్ల నాయన జయరావు చెయ్యి ఎట్లా విరిగింది?”

“మెట్ల మీంచి పడినానన్నాడు.”

“నువ్వు నమ్మినావా?”

“నమ్మకపోతే భానూ నేనూ ఒక సట్టిలో అన్నం తినేదెట్ల? ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరమే గదా సార్.”

“ఆ బిడ్డ అన్న మాట చెప్తాను, తట్టుకో. మా నాయన కూడా వాడితో కలిసిపోయినాడా సార్, అని అడిగింది.”

“నేనా! థూ, నా బతుకు సెడ. నా బిడ్డను నా నోటితోనే పట్టియ్యబోయినానా? దేవుడా, ఎంత గుడ్డోణ్ని సేసినావు నన్ను!”

“కడుపుతో ఉండాదని ఎట్లనో వాడి చెవిన పడింది, ఫొటో పట్టుకుని ఆస్పత్రులన్నీ తిరగతా ఉండాడంట. అందుకే ఇంట్లోనే కంటాను, గడప దాటను అంటా ఉండాది. ఒంట్లో రక్తం తక్కువంట. ఏబెల్ కాళ్లావేళ్లా పడినా వినలేదు. నువ్వు అడిగేకొద్దీ వాడు వెతకతాడన్నా.”

“నేను అడిగేది మానేస్తే వాడు వెతికేది మానేస్తాడా?”

“మానడు.”

“పోలీసులకు సెప్తే?”

“పిల్లను స్టేషనుకు పిలిపిస్తారు. స్టేషను బయట కాచుకునేది వాడే గదా. నాకూ దిక్కు తోచలేదు.”

“భానూ ముందే లోపలికి పోయి కూర్చున్నాడు సార్. నన్నూ పోనీయండి.”

“ఇంత విన్నాక కూడానా? ఏం అడగతావు?”

“ఏమీ అడగను. నా బిడ్డ మీద ఒట్టు. ఈ పొద్దుది మాత్రం కోయబాకండి.”

ఉపన్యాసం అయిపోయింది. చప్పట్లూ అయినాయి. హేమచంద్ర మైకు పట్టుకుని వరుసల మధ్యకు వచ్చాడు.

“ఇంకెవరైనా... ఆ, వెనక వరుసలో వెంకటమునిగారు. క్లుప్తంగా అన్నా.”

“అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ సార్, మన్నించండి, ఇదే ఆఖరు. ఇన్నాళ్లూ నా బిడ్డను సూసినారా అని మీ ప్రాణాలు తీసినాను. ఇంక ఎవురూ వెతకబాకండి. మా పవిత్ర సచ్చిపోయింది.”

“మునన్నా! ఏం మాటది...”

“మీరు గమ్మునుండండి సార్.”

“బావా! నీకేమన్నా మతి పోయిందా? ఎవురు సెప్పినారు నీకు?”

“ఆ పిల్లోడే కబురు పంపినాడు భానూ. ఇసజొరం వచ్చి పోయిందంట. మొన్న నూలు కోసమని పోయినానే, దానికి కాదు, అందుకే పోయినాను. వాళ్ల పద్ధతిలో పూడ్సినారు. నా సేత్తో మన్నేసి వచ్చినాను.”

“నాకు సెప్పకుండానా? నాకెందుకు సెప్పలేదు బావా?”

“నోరు రాలేదురా. ఎత్తుకుని పెంచినోడివి, నీకెట్లా సెప్పేది? సార్, ఆ కెమెరా ఒకసారి ఇట్లా తిప్పండి. తల్లీ, యాడుండినా సల్లగా ఉండు. ఈ నాయన నిన్ను ఇంక పిలవడు. నువ్వు దేనికీ భయపడబాక.”

“బావా, ఏడవబాక, కూర్చో...”

“కూర్చోకూడదురా, మైల. సావు మాట విన్నావు గదా, పద ఇంటికి. ఇద్దరం తలకు పోసుకుందాం.”