చేతులు కట్టుకోమన్న బడి

ఒప్పుకుంటున్నా, ఇది చాటుగా విన్నదే. కొల్హాపూర్‌లో చెవిటి పిల్లల బడి తెరిచిన రోజు, కూతురు ముక్తాను దింపిన తల్లి కొత్త హెడ్‌మిస్ట్రెస్‌ను తరగతి కిటికీ బయట నిలదీసింది. అక్కడ టీచరమ్మను 'బాయీ' అంటారు.

"బాయీ, పిల్లలంతా చేతులు కట్టుకు కూర్చున్నారేంటి?"

"క్రమశిక్షణమ్మా. నా పాత బడిలో అందరూ ఇలాగే కూర్చునేవాళ్లు."

"వాళ్లు నోటితో మాట్లాడతారు. మా వాళ్లకి చేతులే నోరు!"

"పాఠం అయ్యాక మాట్లాడుకోవచ్చుగా?"

"మధ్యలో ఏమైనా అడగాలంటే?"

"చెయ్యెత్తాలి."

"కట్టుకున్న చెయ్యా?"

అంతలో కిటికీ లోపల ముక్తా భయంభయంగా చేతులు విప్పి సైగ చేసింది.

"ఏమంటోంది?"

"ఇందాకట్నుంచీ ఒంటేలు ఆపుకుంటోందట బాయీ. అడిగితే మీరు కొడతారేమోనని."

మీ నోరు కట్టేసిన బడి ఏదైనా ఉందా? చెప్పండి, వింటాను.