ర్యామ్ ధర తగ్గేదాకా

ఇవాళా? ఇవాళ కొంటావా ర్యామ్? బుద్ధుందా నీకు? కూర్చో ముందు. టీ మాస్టారూ, ఈ ఫొటో స్టూడియో అబ్బాయికి ఓ టీ పొయ్యండి, కాస్త కుదుటపడతాడు. కంప్యూటర్లో ఫొటోలు తెరుచుకోవడానికి పది నిమిషాలు పడుతోందని పరిగెత్తుకెళ్లి కొనేస్తావా? అమ్మేవాళ్లకి కావాల్సిందీ అదే! మన తొందర చూసే కదయ్యా వాళ్లు ధరలు పెంచేది! వింటుంటేనే ఒళ్లు మండిపోతోంది నాకు.

పాతికేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నవాణ్ణి. ఏది ఎప్పుడు పైకి పోతుందో, ఎప్పుడు కిందికి దిగుతుందో నాకంటే బాగా ఎవడికి తెలుసు? మొదట్లో ఓ హార్డ్ డిస్కు కొనాల్సొచ్చింది. కొను కొను అని ఇంటిల్లిపాదీ నా ప్రాణం తీశారు. నేను ఆగాను. పదిహేను రోజులు. పదహారో రోజు ధర కాస్త తగ్గింది, వెళ్లి తెచ్చుకున్నాను. అంతే. ఇందులో గొప్పేం లేదు, ఓపికున్న వాడెవడైనా చేస్తాడు.

"అంతవరకూ నిజమే లెండి," అన్నాడు టీ మాస్టారు గ్లాసులు కడుగుతూ.

అంతవరకూ ఏమిటండీ, అంతవరకూ? అసలు సంగతి వినకుండానే! ఆ తర్వాత ర్యామ్ వంతు వచ్చింది. బజార్లో కంప్యూటర్ సామాన్ల కొట్టుకెళ్లి, ధరడిగి, పెదవి విరిచి బయటికొచ్చేశాను. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి ఏమైందో తెలుసా? కొట్టువాడికి నిద్ర కరువైంది. నేను మెట్లెక్కుతున్న చప్పుడు వింటే చాలు, అట్టముక్క మీద పాత ధర కొట్టేసి కొత్తది రాసేవాడు. నెల తిరిగేసరికి మా గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "అయ్యా, మీరు కొనలేదని తెలిసి ఊళ్లో ఇంకెవ్వరూ కొనడం లేదు" అని ఒకటే ఏడుపు. నేనేమన్నానో తెలుసా? ఆగమన్నాను.

"మరి ఆలోగా మీ ఇంట్లో కంప్యూటర్ ఏమైంది బాబాయ్?" అన్నాడు స్టూడియో అబ్బాయి.

ఏమవుతుంది, ఓ మూల పడుంది. కాస్త నిదానం. మా అమ్మాయి విసుక్కుంటుంది గానీ, దానికేం తెలుసు ఈ మోసాలు? నువ్వు అడ్డురాకు. అయినా నేనిక్కడ గొంతు చించుకుంటుంటే మాటిమాటికీ ఆ ఫోను చూసుకోవడమేమిటి?

ఎక్కడున్నాను? ఆఁ, సంగతి కంపెనీదాకా పాకింది. ర్యామ్‌లు వేసుకొస్తున్న ఓడని నడిసముద్రంలో ఆపేశారు. ఓడ కెప్టెన్ నాకు ఫోన్ చేశాడండీ, నాకు! రావాలా, వద్దా అని. ధరెంత అన్నాను. చెప్పాడు. తిప్పవయ్యా వెనక్కి అన్నాను. అంత ఓడనీ సందులో ఆటో తిప్పినట్టు తిప్పేశాడు పాపం. ఆ దెబ్బకి ఫ్యాక్టరీ మూతపడింది, ఆ దేశంలో మంత్రివర్గం కూలబోయింది. అప్పుడేమైందో తెలుసా? కంపెనీ పెద్దాయనే దిగొచ్చాడు. నేను తొమ్మిదో అంతస్తులో లిఫ్టు బాగుచేస్తుంటే సూటూ బూటూ వేసుకుని ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో పట్టుగుడ్డ పరిచిన పెట్టె, అందులో ర్యామ్. "ఊరికే తీసుకోండి, మహాప్రభో" అన్నాడు.

"తీసుకున్నారా?" టీ మాస్టారు గ్లాసు కడగడం ఆపేశాడు.

తీసుకుంటానా! ఎక్కడలేని కోపమొచ్చింది నాకు. ఇవాళ ఊరికే ఇస్తున్నాడంటే వచ్చే నెల ఎదురు డబ్బిస్తాడన్నమాట! ఎవర్ని మోసం చేద్దామని? పో, వచ్చే నెల కనపడు అని మొహం మీదే లిఫ్టు తలుపు మూసేశాను. వాడింకా ఆ మెట్ల మీదే తిరుగుతున్నాడు, కావాలంటే పద, చూపిస్తాను. అందుకే చెప్తున్నాను అబ్బాయ్, ఈ నెల కొనకు. కొన్నావో...

స్టూడియో అబ్బాయి ఫోను మోగింది. రెండు ముక్కలు విని పెట్టేసి, లేచి నిలబడ్డాడు.

"నాకు ర్యామ్ అక్కర్లేదు బాబాయ్, కావాల్సింది మీ అమ్మాయికి. ఇంటి ప్లాన్లు గీసి రేపు సాయంత్రంలోగా పంపిస్తేనే ఓ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలుస్తారట. మీ ఇంట్లో కంప్యూటరేమో ప్లాన్ తెరవగానే బిగుసుకుపోతోంది. రెండు నెలలుగా మా స్టూడియోలో ఓ మూల స్టూలు మీద కూర్చుని గీసుకుంటోంది. ఎవరైనా ఫొటోలకొస్తే లేచి గోడకానుకుని నిలబడుతోంది. చూడలేకపోయాను."

బాబాయ్ మొహం ఎర్రబడింది. "ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా?"

"ర్యామ్ కావాలని ఏడాదిన్నర నుంచి చెప్తూనే ఉందట. మీరు ఆగమంటూనే ఉన్నారట. ఇవాళ పొద్దున తనే వెళ్లి కొనుక్కుంది. మీరుంటే కంప్యూటర్ పెట్టె విప్పనివ్వరని, ఓ గంట మిమ్మల్ని ఇక్కడ మాటల్లో పెట్టమంది. పెట్టాను. ఇప్పుడే బిగించేసిందట, ప్లాన్ టక్కున తెరుచుకుందట."

బాబాయ్ చల్లారిన తన టీ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించి, "ఎంతకి కొందిట?" అన్నాడు.

"అదొక్కటీ మీకు చెప్పొద్దంది బాబాయ్."