అక్కా అనే పిలుపు

ఒక వారపత్రికలో పేరున్న సినిమాతార తన జీవితకథ రాస్తోంది. సూళ్లూరుపేటలో అందరూ దానికోసం ఎగబడుతున్నారు. ఆ తారను పెంచి మద్రాసు రైలెక్కించిన సొంత అక్కకు చదువు రాదు. రొయ్యలు ఒలుస్తూ పొరుగింటి పిల్ల చేత చదివించుకుంటోంది.

“నా మాట వచ్చిందా?”

“వచ్చిందక్కా. ‘అమ్మ పోయాక నన్ను చంకనేసుకొని పెంచిన మనిషిని అక్కా అని పిలిచేదాన్ని’ అని రాసుండాది.”

ఆమె చేతులు ఆగిపోయాయి. ఈ ఒక్క మాట కోసమే ఇన్ని వారాలుగా వింటోంది.

“ఆపినావేందిమే? చదువు.”

“ఈగలు ముసురుతుండాయి, ముందు రొయ్యలు కడుక్కోరాదా.”

“చదవమంటుండా.”

“‘ఆమె మా ఇంట్లో పనిమనిషి’ అని ఉండాదక్కా.”

“అచ్చుతప్పేమో చూడు.”

“కాదు. ‘తోబుట్టువులు లేని లోటు ఆమే తీర్చింది’ అని కూడా ఉండాది.”

ఆమె మళ్లీ రొయ్య తీసుకుంది.

“నువ్వూ నన్ను అక్కా అనే అంటావు. రొయ్యలు కొనేవాళ్లూ అంటారు. నా చెల్లెలూ అట్నే అనిందని అనుకుంటారు.”

“ఊళ్లో నిన్నెరిగినోళ్లు నమ్ముతారా?”

“అచ్చులో పడినాక నమ్మరా? పోయిన వారందాకా ప్రతి ముక్కా నేను నమ్మలా?”

“పై వారం ఇంక చదవొద్దులే అక్కా.”

“చదువు. ఆ పనిమనిషి ఎప్పుడు చచ్చిందో రాస్తుందేమో.”