కుళాయి కింద చేదాకు

పీకేశావా? ఏం చూసి పీకావో అది చెప్పు ముందు. ఆ చీపురు అవతల పెట్టి ఈ స్టూలు మీద కూర్చో. కుళాయి కింద ఏం చూశావు? కలుపు అంటే కుదరదు. కలుపు అనేది మొక్క పేరు కాదు తల్లీ, చూసే ఓపిక లేనివాళ్ళు అనే మాట. ఆకు దళసరిగా ఉందా, పల్చగా ఉందా? పువ్వు ఏ రంగు? చూడలేదు. ఊఁ. నీ వయసులో నేనూ చూడలేదులే, అందుకే ఈ కోపం. కూర్చో, టీ తర్వాత తాగుదువుగాని.

అది మీ నానమ్మ నాటింది. మా వదిన. ఆ గోడ మీది ఫొటోలో ముసలావిడ కాదు నేను చెప్పేది, ఇరవయ్యారేళ్ళ మనిషి. టెలిఫోన్ ఎక్స్చేంజిలో పని. అప్పట్లో నంబర్లు తిప్పడాలు, నొక్కడాలు లేవు. ఫోనెత్తితే మీ నానమ్మ పలికేది. ఎదురుగా చిల్లుల బల్ల, ఒళ్ళో తీగలు. "డాక్టరు గారమ్మా" అంటే చాలు, అడిగే గొంతుని బట్టి ఏ డాక్టరో పోల్చుకుని తీగ లాగి గుచ్చేసేది. నాలుగొందల పైచిలుకు నంబర్లు ఆ బుర్రలో. పుస్తకం తెరవగా చూసినవాళ్ళు లేరు. అలాంటి మనిషికి టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నంబర్లు పోయాయి. కొన్ని పోయాయి, కొన్ని ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చున్నాయి. కలప అడితి ఆయన ఫోనెత్తి "దుంగలు ఎప్పుడు దింపుతారు" అంటే, అవతల ప్రసూతి ఆసుపత్రి నర్సు "నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి" అందట. నవ్వు, నవ్వు. ఆవిడా నవ్వుతూనే చెప్పింది మాకు. చెప్పి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

సూపర్‌వైజరు పళ్ళు కదపకుండా మాట్లాడేవాడు. "నలభై రోజులు ఇస్తున్నానమ్మా. వంద పేర్లు అడుగుతాను. తొంభై అయిదు చెప్పావా, సీటు నీది. లేదా, ఇంకో అమ్మాయిని చూసుకుంటాం" అన్నాడు. ఆవిడ జీతమే ఇంటికి దిక్కు. మరి అన్నయ్యా నేనూ పనిచేసే మిల్లు మూసేశారుగా. గేటుకి తాళం వేసి, మళ్ళీ తెరిచేటప్పుడు ముప్పై ఆరు మంది పేర్లు బోర్డు మీద రాసి, వీళ్ళు తప్ప మిగతావాళ్ళు రావచ్చు అన్నారు. పన్నెండు గంటలు నిలబెట్టకండయ్యా అని అడిగినందుకు! పదకొండో పేరు నాది. మా అన్నయ్యదీ ఉంది. వాడు పని వెతుక్కుంటూ ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాడు. నేనో? మంచమెక్కాను. జ్వరమా, ఏమన్నానా, ఏమీ లేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. సున్నం పెచ్చులూడి ఒంటె బొమ్మలా ఉండేది అక్కడ, పదకొండు నెలలు దాన్నే చూశాను. వీధిలో నన్ను మంచం దొర అనేవాళ్ళు. మా అమ్మయితే "వాణ్ణి కదపకండే, మీద పడతాడు" అనేది, ఏదో కరిచే కుక్క గురించి చెప్పినట్టు.

ఏం చెబుతున్నాను? ఆఁ, ఆకు. ఆకుల పెద్దమ్మ అని ఉండేది, మందుల కొట్టు వెనక వీధిలో. మేడ మీదంతా ఆకులు ఆరబోసి ఉండేవి. మా వదిన ఆవిడ దగ్గరికి వెళ్ళొచ్చి తిన్నగా నా మంచం దగ్గరికి వచ్చింది. "ఏమయ్యా మరిదీ, నీటి బ్రాహ్మి అట. మతిమరుపుకీ, మనసు కుదుటపడడానికీ అదేనట. అప్పటికప్పుడు కోసుకొచ్చి పసరు తాగాలట. కాలవ పక్కన ఉంటుంది. నేను డ్యూటీకి పోవాలి, అత్తయ్య నడవలేదు. నువ్వు తేకపోతే నాకు తెచ్చేవాళ్ళు లేరు" అంది. నేను ఒంటె వైపే చూశాను. పోయిందనుకున్నాను. అక్కడే నిలబడింది. లేవక చస్తానా? "దళసరి ఆకు, చిన్నది, చెంచాలా ఉంటుంది, నేల మీద పాకుతుంది, తెల్లపువ్వు, పరమ చేదు" అని అప్పజెప్పింది.

వెళ్ళాను. దళసరి ఆకు దొరికింది. చెంచాలాగే ఉంది, పాకుతూనే ఉంది. పువ్వు మాత్రం పసుపు. ఈ నేలకి పసుపు పూస్తుంది కాబోలు అనుకున్నాను, చూడు నా తెలివి! కోసుకొచ్చి నూరి గుడ్డలో పిండి గ్లాసు చేతికిచ్చాను. ఒక్క చుక్క నా నాలిక మీద వేసుకున్నానా? లేదు. రోగం ఆవిడది, చేదు నాకెందుకు అనుకున్నాను. ఆవిడ తాగి, కళ్ళు గట్టిగా మూసి, ముక్కు ముడిచి, నాలిక ఇంత బయటపెట్టి "చంపేశావు కదయ్యా!" అంది. మా అమ్మ పగలబడి నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళయిందో. ఇక రోజూ అదే వరస. ఆవిడ తాగడం, మొహం పెట్టడం. తర్వాత నేను టెలిఫోను పుస్తకం పట్టుకుని పేర్లు చదవడం, ఆవిడ జడ వేసుకుంటూ నంబర్లు చెప్పడం. మొదట్లో పదికి మూడు. తర్వాత ఆరు. తర్వాత నేను పేజీ తిప్పేలోగా చెప్పేసేది. మిల్లు పేరు వచ్చిన చోట మాత్రం దాటేసేవాణ్ణి. ఆ పేరు నా నోటితో పలకను. ఇప్పటికీ పలకను.

ముప్పై తొమ్మిదో రోజు. కాలవ గట్టున కోస్తుంటే ఆకుల పెద్దమ్మ ఎదురైంది. "ఏం కోస్తున్నావు నాయనా?" బ్రాహ్మి అన్నాను, గొప్పగా. ఆవిడ దోసిట్లోకి తీసుకుని చూసి, "ఇది గంగపాయల కూరరా అబ్బాయ్, శుభ్రంగా వండుకు తిను. పుల్లగా ఉంటుందిది" అంది. తెల్లారితే పరీక్ష! గట్టు మీదే కూర్చుండిపోయాను. ఆవిడే పక్కన కూర్చుంది. "కంగారు పడకు. రెండో రోజే మీ వదిన వచ్చి నా కుండీలోంచి అసలు తీగ పట్టుకెళ్ళింది. కుళాయి కింద నాటుకుంది. నీదీ తాగుతోంది, నువ్వు అటు తిరగ్గానే దాన్నీ తాగుతోంది" అంది. మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను. కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు. "నేనూ అదే అడిగాను. 'చెబితే మళ్ళీ మంచమెక్కుతాడు పెద్దమ్మా. పదకొండు నెలలకి చెప్పులేసుకున్నాడు' అంది మీ వదిన."

ఆ కుళాయి దగ్గరే నేను రోజూ మొహం కడుక్కునేది. నా కాలి బొటనవేలికి తగిలేంత దూరంలో ఉందది. తెల్లపువ్వు కూడా పూసింది. చూడలేదు.

మర్నాడు పొద్దున్నే కుళాయి కింద కోశాను. అయినా చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. నూరి, పిండి, గ్లాసు ఇచ్చాను. ఒక గుక్క తాగి ఆగింది. చేదు. అసలు చేదు. అన్నాళ్ళూ పులుపుకి అంత నాటకమాడిన మనిషి, ఈ చేదుకి మొహంలో గీత కదపలేదు. నా వైపు చూసింది. నేను పుస్తకం వైపు చూశాను. మొత్తం తాగేసి, గ్లాసు కింద పెట్టి, "బాగుంది మరిదీ" అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. అంతే. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఒక ఇంట్లో బతికాం, ఆ సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పరీక్షా? వందకి తొంభై ఎనిమిది. సాయంత్రం గుమ్మంలోంచే అరుచుకుంటూ వచ్చింది. రెండు పోయాయి, అందులో ఒకటి మిల్లుది. "అది నువ్వెప్పుడూ అడగలేదుగా, నీ వల్లే పోయింది!" అని నెత్తిన మొట్టింది. ఆకు పనిచేసిందా, నేను పేర్లు చదవడం పనిచేసిందా అని నన్నడక్కు. నాకు తెలీదు. ఇప్పుడు సీసాల్లో పెట్టి, మీద బొమ్మలేసి అమ్ముతున్నారు, వాళ్ళకి తెలుసేమో. నేను మాత్రం ఆ నెల తిరక్కుండా ఐసు ఫ్యాక్టరీలో చేరాను. మంచాన్ని మా అమ్మ ఎవరికో ఇచ్చేసింది.

కుళాయి కారుతోంది, బాగు చేయించు చిన్నతాతా అని వచ్చిన దగ్గర్నుంచీ గోల పెడుతున్నావు చూడు. వాషరు పోలేదమ్మా అందులో. రోజూ నేనే కొంచెం వదులుగా తిప్పి వస్తున్నాను...

సరేలే. పీకిన తీగ ఎక్కడ పడేశావు? వేళ్ళు ఇంకా తడిగా ఉన్నాయా?