సూదిని పేరు పెట్టి పిలిచిన కోడలు

ఎంబ్రాయిడరీ షాపు. కంప్యూటర్ మెషీన్ ముందు కోడలు. గోడ పక్కన, ప్లగ్గు పట్టుకుని మామగారు.

“ప్లగ్గు మీంచి చెయ్యి తియ్యండి మామయ్యా.”

“తియ్యను. నిన్న సూది విరిగింది, ఇవాళ మెషీనే విరుగుతుంది. ఉన్నది ఒక్కటే తల్లీ!”

“తప్పెక్కడో దొరికిందండీ.”

“ఏం దొరికింది? కంపెనీ ఇచ్చిన డిజైన్ల మెనూలో తాబేలు బొమ్మే లేదు. లేనిదాన్ని ఎట్లా కుడుతుంది?”

“మెనూతో నాకేం పని? సూదిని కదిపేది మెషీన్ లోపల సీ భాషలో రాసిపెట్టిన లైబ్రరీ. దాన్నిండా ఫంక్షన్లే, ఒక్కో పనికి ఒక్కో పేరున్న ఆదేశాలు. నేను లిస్ప్ అనే ఇంకో భాషలో రాసిన ప్రోగ్రాం వాటిని తిన్నగా పేరు పెట్టి పిలుస్తుంది.”

“పిలిస్తే పలుకుతాయా?”

“బంగారంలా పలుకుతాయి. కాకపోతే ఎలాంటి అంకె పంపుతున్నామో ముందే చెప్పాలి. దానికి దశాంశాలు కావాలి. నేను పూర్ణాంకాలని రాసి చచ్చాను.”

“తప్పైతే అది చెప్పొద్దూ?”

“సీ చెప్పదండీ. చేతికేదొస్తే అదే నిజమనుకుని పరిగెడుతుంది. నిన్న సూదిని తీసుకెళ్ళి గుడ్డ బిగించిన ఫ్రేముకి గుద్దేసింది.”

“అచ్చం మీ అత్తయ్యే.”

“ఆవిడ వింటే మీకు అన్నం పుట్టదు. సరిచేశాను, కుట్టించనా?”

“వద్దంటే మానతావా?”

“మానను. సాయంత్రానికి తాబేలు బ్యాడ్జీ చూపించకపోతే ఈత క్లబ్బు ఆర్డరు ఎదురు షాపుకే. అవునూ, ఇందాక బయటికెళ్ళి ఫోన్లో ఎవరితో?”

“ఎవరితోనా? ఎవరితోనూ లేదే. అదిగో, ఎవరో వచ్చారు.”

“నమస్కారం సార్, మెషీన్ కంపెనీ నుంచి వచ్చాను. కోడలుగారు మెషీన్ కెలుకుతున్నారు, వచ్చి ఆపమన్నారట?”

“మామయ్యా!”

“అదీ... ఏదో కంగారులో...”

“మేడమ్, మీ ప్రోగ్రాం తీసేయండి. లేదంటే గ్యారంటీ రద్దు. కొత్త డిజైన్లకి కొత్త మోడల్ కొనాలి.”

“తియ్యను. ఇదిగో, కుట్టిస్తున్నా, చూడండి.”

“ఆపండి మేడమ్! సార్, మీరైనా చెప్పండి!”

“ఉండవయ్యా... డిప్ప పడింది. అరె, కాళ్ళూ వచ్చాయే! అమ్మాయ్, దీనికి తోకుంటుందా?”

“వస్తోంది మామయ్యా.”

“సార్, ఆఫీసులో చెప్పేస్తున్నా. మీ గ్యారంటీ పోయినట్టే.”

“పట్టుకుపో బాబూ, నీ గ్యారంటీ నువ్వే పట్టుకుపో. మా గ్యారంటీ ఇదిగో, కుర్చీలో కూర్చునుంది.”